ఈసారి హనుక్కా, క్రిస్మస్ ఒకే రోజు: మరి యూదులు డిసెంబర్ ఎలా గడుపుతారు?

ఎడిసన్_పిన్ని | 9 డిసెంబర్ 2024, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో సీక్రెట్ శాంటా చీటీలు తీశారు. నాకొచ్చిన చీటీలో మా టీమ్‌లోని ఒక యూదు పెద్దాయన పేరుంది. చాలా మంచి మనిషి. శుక్రవారం పొద్దు గూకేలోగా లాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోతారు, మిగతా రోజుల్లో ఎంత పొద్దుపోయినా ఉంటారు. ఆయనకి 'మెర్రీ క్రిస్మస్' అని కార్డు రాయొచ్చా, లేక బాధపడతారా? పైగా ఈ ఏడాది వాళ్ళ దీపాల పండగ హనుక్కా కూడా 25వ తేదీనే అంటున్నారు. అంటే అది వాళ్ళ క్రిస్మస్ లాంటిదేనా? గిఫ్టు 25 డాలర్ల లోపు ఉండాలి. స్వీట్లు ఇద్దామంటే తింటారో తినరో తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి, ఒకటే టెన్షన్.

మిరపకాయ్ | 9 డిసెంబర్, రాత్రి 9:40

పిన్నిగారూ, దీనికింత ఆలోచనెందుకండీ. హైదరాబాదులో మనం రంజాన్‌కి హలీం తింటాం, క్రిస్మస్‌కి కేకు తింటాం. పండగంటే పండగే. కార్డు రాసి పడేయండి.

బోస్టన్_కోడలు | 9 డిసెంబర్, రాత్రి 11:05

నేను యూదుల ఇంటి కోడల్ని కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

షాపులో బిల్లు వేసే అమ్మాయి 'మెర్రీ క్రిస్మస్' అంటే మా అత్తగారు నవ్వి 'థాంక్యూ, నీక్కూడా' అని వచ్చేస్తారు. అందులో బాధపడటానికేం లేదు. కానీ రోజూ కలిసి పనిచేసే మనిషి, తను యూదుడని తెలిసీ క్రిస్మస్ కార్డు ఇస్తే 'ఇన్నాళ్ళుగా చూస్తున్నా గుర్తులేదా' అనిపిస్తుంది. 'హ్యాపీ హనుక్కా' అని రాయండి. సందేహంగా ఉంటే 'హ్యాపీ హాలిడేస్'.

రెండో సంగతి: హనుక్కాని 'యూదుల క్రిస్మస్' అని మాత్రం ఆయన ముందు అనకండి. మా ఆయనకి ఎక్కడ లేని చిరాకు వచ్చేది ఆ మాటకే. అది వాళ్ళ పెద్ద పండగల్లో లేనేలేదు. వాళ్ళకి పెద్దవి రోష్ హషానా (వాళ్ళ కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త ఉపవాసం రోజు), పస్కా (ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన పండగ). ఆ రోజుల్లో పని చేయరు. హనుక్కాకి అలాంటి నిషేధమేమీ లేదు. ఎనిమిది సాయంత్రాలూ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి దీపాలు వెలిగిస్తారు, అంతే. అమెరికాలో అది ఇంత పెద్దదవ్వడానికి కారణం పక్కన క్రిస్మస్ ఉండటమే. చుట్టూ ప్రతి ఇంటి మీదా లైట్లు, ప్రతి పిల్లాడికీ బొమ్మలు. మన పిల్లాడికి మాత్రం ఏమీ లేదంటే ఏ తల్లి ఊరుకుంటుంది? బహుమతులు అలా వచ్చి చేరాయి. పాత కాలంలో హనుక్కాకి పిల్లల చేతిలో నాలుగు నాణేలు పెట్టేవారు. ఇప్పుడు బంగారు రంగు కాగితం చుట్టిన చాక్లెట్ బిళ్ళలు ఆ నాణేలకి గుర్తు.

చరిత్ర_చాదస్తం | 10 డిసెంబర్, ఉదయం 6:30

కోడలమ్మ చెప్పిన దానికి కొంచెం వెనక కథ. క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూదయ దేశం గ్రీకు సెల్యూకిడ్ వంశపు రాజు నాలుగో అంతియోకస్ ఏలుబడిలో ఉంది. ఆయన యూదుల ఆచారాలను నిషేధించి, యెరూషలేము ఆలయంలో గ్రీకు దేవుడికి బలులు పెట్టించాడు. మక్కబీయులనే కుటుంబం తిరగబడింది. క్రీ.పూ. 164లో ఆలయాన్ని తిరిగి పట్టుకుని శుద్ధి చేసి ప్రతిష్ఠించారు. దాని జ్ఞాపకమే హనుక్కా. ఒక్క రోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ తరవాత వచ్చిన యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది.

ఇందులో తమాషా చూడండి. ఆ తిరుగుబాటు రాజు మీద మాత్రమే కాదు, గ్రీకు పద్ధతులకి అలవాటుపడిపోయిన తోటి యూదుల మీద కూడా. పక్కవాళ్ళ సంస్కృతిలో కలిసిపోకూడదని పోరాడినవాళ్ళ పండగ, అమెరికాకొచ్చేసరికి పక్కవాళ్ళ పండగని చూసి పెద్దదైంది! 19వ శతాబ్దంలో సిన్సినాటిలో ఐజాక్ మేయర్ వైజ్, మాక్స్ లిలియెంతాల్ అనే ఇద్దరు రబ్బీలు (యూదు మతగురువులు) సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, పిల్లలకోసం ప్రత్యేకంగా హనుక్కా వేడుకలు మొదలుపెట్టించారు. పిల్లలు క్రిస్మస్ వైపు చూడకుండా ఉండాలన్నది వాళ్ళ ఆరాటం.

పంచాంగం_పంతులు | 10 డిసెంబర్, ఉదయం 8:15

ఒకే రోజు ఎందుకొచ్చిందో నేను చెప్తాను. యూదులది మనలాగే చాంద్రమానం. పన్నెండు చాంద్రమాసాలకి 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి 19 ఏళ్ళలో ఏడుసార్లు అధికమాసం వేస్తారు. మన లెక్క కూడా దాదాపు అంతే. తేడా ఏమిటంటే, మనకి సంక్రాంతి లేని, అంటే సూర్యుడు రాశి మారని మాసం ఏదైతే అదే అధికం, కాబట్టి శ్రావణమూ కావచ్చు, జ్యేష్ఠమూ కావచ్చు. వాళ్ళకి ఎప్పుడూ అదార్ మాసమే రెండుసార్లు వస్తుంది.

ఈ ఏడాది ఫిబ్రవరి, మార్చిల్లో వాళ్ళకి అధికమాసం పడింది. అందుకే తరవాతి పండగలన్నీ ఆలస్యంగా వచ్చాయి. హనుక్కా కిస్లేవ్ మాసం 25న. అది ఈసారి డిసెంబర్ 25 సాయంత్రం మొదలవుతుంది. ఇంతకుముందు ఇలా కుదిరింది 2005లో. అదే 2013లో నవంబర్ చివర్లో వచ్చే అమెరికా పండగ థాంక్స్‌గివింగ్ రోజునే హనుక్కా వచ్చేసింది, అంత ముందుకి.

మరో మాట. అమావాస్య తరవాత నెల మొదలవుతుంది కనుక, 25వ రోజంటే ఇంచుమించు మన బహుళ ఏకాదశి. ఈసారి 26న మనకి మార్గశిర బహుళ ఏకాదశే. అక్కడినుంచి ఎనిమిది రోజులంటే నడుమ అమావాస్య పడాల్సిందే. ఏ ఏడు చూసినా హనుక్కా దీపాలు చంద్రుడు లేని రాత్రుల్లోనే వెలుగుతాయి.

ఎడిసన్_పిన్ని | 10 డిసెంబర్, ఉదయం 8:50

పంతులుగారూ, ఇది భలే ఉంది. మా ఆఫీసాయనకి ఈ అధికమాసం సంగతి చెప్తాను.

మరి క్రిస్మస్ రోజు వాళ్ళేం చేస్తారు? ఊరంతా మూసేసి ఉంటుంది కదా. మేము వచ్చిన కొత్తలో పాలు కూడా దొరక్క తెగ తిరిగాం.

మిరపకాయ్ | 10 డిసెంబర్, ఉదయం 9:02

చైనీస్ తిని సినిమాకి వెళ్తారు. ఇది జోకు కాదు, నిజంగానే.

చరిత్ర_చాదస్తం | 10 డిసెంబర్, రాత్రి 7:20

మిరపకాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. 2010లో ఎలెనా కేగన్‌ని అమెరికా సుప్రీంకోర్టు జడ్జిగా నియమించే ముందు సెనేట్‌లో ప్రశ్నలడుగుతున్నారు. అంతకుముందు క్రిస్మస్ రోజు విమానంలో బాంబు పేల్చబోయిన కేసు ప్రస్తావన వచ్చి, సెనేటర్ లిండ్సే గ్రాహం 'క్రిస్మస్ రోజు మీరెక్కడున్నారు?' అని అడిగాడు. 'యూదులందరి లాగే నేనూ ఏదో చైనీస్ రెస్టారెంట్లో ఉండి ఉంటాను' అందావిడ. సభ సభంతా పగలబడి నవ్వింది.

దీని మూలం న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఉంది. 19వ శతాబ్దం చివర్లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు, చైనా వాళ్ళు పక్కపక్క వీధుల్లో బతికారు. ఇద్దరూ క్రైస్తవులు కాదు. ఆదివారమైనా క్రిస్మస్ అయినా తెరిచి ఉండేవి చైనా హోటళ్ళే. పైగా చైనా వంటలో పాలు, వెన్న, చీజ్ దాదాపు ఉండవు. మాంసాన్ని పాలతో కలపకూడదన్న యూదుల నియమానికి అది అనుకూలం. పంది మాంసం ఉంటుందనుకోండి, కానీ సన్నగా తరిగి వంటన్ అనే పిండి పొట్లంలో చుట్టేస్తే కనపడదుగా! కంటికి కనపడనిది తప్పు కాదన్నట్టు సర్దుకున్నారు చాలామంది. 1899లోనే ఒక యూదు పత్రిక 'మనవాళ్ళు చైనా హోటళ్ళకి ఎగబడుతున్నారు' అని చీవాట్లు పెట్టింది.

డాక్టరమ్మ_డెట్రాయిట్ | 10 డిసెంబర్, రాత్రి 10:48

చైనీస్ తినడానికి తీరిక ఉన్నవాళ్ళ సంగతి అది. ఆస్పత్రిలో మా యూదు డాక్టర్లు క్రిస్మస్ డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటారు. బదులుగా యోమ్ కిప్పూర్‌కి క్రైస్తవ డాక్టర్లు వాళ్ళ డ్యూటీ చేస్తారు. ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం. ఇప్పుడు చిక్కెక్కడంటే, మన హిందువులం, ముస్లింలం కూడా క్రిస్మస్ డ్యూటీ మాకంటే మాకని ఎగబడుతున్నాం, దీపావళికో ఈద్‌కో సెలవు దొరుకుతుందని. డిసెంబర్ 25 డ్యూటీకి పోటీ ఉండే డిపార్ట్‌మెంటు మాది!

మా ఊళ్ళో యూదు సంఘం ఆ రోజు పెద్ద ఎత్తున సేవా కార్యక్రమాలు పెడుతుంది. ఉచిత భోజనశాలల్లో వండి వడ్డించడం, వృద్ధాశ్రమాల్లో కూర్చుని కబుర్లు చెప్పడం, ఇలాంటివి. అక్కడ పనిచేసే క్రైస్తవులు ఇంట్లో పండగ చేసుకోవాలని. కొన్నేళ్ళుగా ముస్లింలు కూడా వాళ్ళతో కలిసి చేస్తున్నారు.

గుంటూరు_పాస్టర్‌గారబ్బాయి | 11 డిసెంబర్, మధ్యాహ్నం 1:15

ఈ చర్చ ఇప్పుడే చూశాను. సెమీ క్రిస్మస్‌ల హడావుడిలో ఉన్నాం, రోజుకో ఊరు. ఇంటి మీద స్టార్ కట్టడం కూడా నిన్ననే అయింది.

అసలు క్రిస్మస్‌కీ యూదులకీ సంబంధమేంటని అడగడమే నాకు వింతగా ఉంటుంది. పుట్టింది యూదు తల్లికి, యూదుల ఊళ్ళో. లూకా సువార్త 2:21 చూడండి, ఎనిమిదో రోజు శిశువుకి సున్నతి చేసి పేరు పెట్టారు. అది పక్కా యూదు ఆచారం. డిసెంబర్ 25 నుంచి ఎనిమిదో రోజు ఏది? జనవరి 1. కొన్ని సంఘాలు ఆ రోజుని ఇప్పటికీ సున్నతి పండగగా జరుపుతాయి. మనం న్యూ ఇయర్ కేకు కోసేస్తాం.

ఇంకోటి. యోహాను 10:22లో 'ఆలయ ప్రతిష్ఠిత పండుగ' వస్తుంది, అది శీతకాలమని కూడా ఉంటుంది. యేసు ఆ రోజు దేవాలయంలో సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడు. ఆ పండగే హనుక్కా! చిన్నప్పటినుంచీ ఆ వాక్యం చదువుతున్నా ఎవరూ నాకు చెప్పలేదు. కారణం ఉంది. ఆ తిరుగుబాటు కథ చెప్పే మక్కబీయుల గ్రంథాలు కాథలిక్కుల బైబిల్లో ఉంటాయి, మా బాప్టిస్టుల బైబిల్లో ఉండవు. విచిత్రంగా యూదుల హీబ్రూ బైబిల్లో కూడా లేవు. వాళ్ళ పండగ చరిత్రని రాతలో దాచింది క్రైస్తవులే అన్నమాట.

మా సండే స్కూల్ పిల్లల్ని 'యేసు ఏ మతస్థుడు?' అని అడిగితే అందరూ 'క్రైస్తవుడు' అంటారు. నాటకంలో హేరోదు, పరిసయ్యులు మాత్రం యూదులు, మరియ యోసేపులు మనవాళ్ళు! ఈ ఏడు నాటకంలో నేనైతే అది మార్పించాను.

చరిత్ర_చాదస్తం | 11 డిసెంబర్, రాత్రి 8:05

పాస్టర్‌గారబ్బాయి గారూ, మీరు మార్పించినది చిన్న విషయమేమీ కాదు. ఆ నాటకాల తీరువల్ల యూరప్‌లో యూదులు చాలా పడ్డారు. క్రిస్మస్ రాత్రి చర్చి నుంచి తాగి బయటికొచ్చే గుంపులకి యూదుడు కనపడితే దెబ్బలే. 1881 క్రిస్మస్ రోజున వార్సాలో కిక్కిరిసిన హోలీక్రాస్ చర్చిలో ఎవరో 'నిప్పు' అని అరిచారు. తొక్కిసలాటలో 29 మంది చనిపోయారు. నిప్పూ లేదు, ఏమీ లేదు. జేబుదొంగలైన యూదులే అరిచారని పుకారు పుట్టించి మూడు రోజులపాటు యూదుల ఇళ్ళూ దుకాణాలూ ధ్వంసం చేశారు.

ఇలాంటి భయాల నీడలో పుట్టిన ఆచారం ఒకటుంది, 'నిట్టెల్ నాఖ్ట్'. క్రిస్మస్ ముందు రాత్రికి హసిదీలనే గట్టి ఆచారాల శాఖ యూదులు పెట్టుకున్న పేరు. ఏడాది పొడుగునా ఒక్క రాత్రి కూడా తోరా (వాళ్ళ పవిత్ర గ్రంథం) చదవడం మానని వాళ్ళు ఆ రాత్రి మాత్రం అర్ధరాత్రి దాకా పుస్తకం ముట్టరు. పాఠశాలకి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండి తలుపులేసుకుని చదరంగం ఆడతారు, లేదా పేకాట. హసిదీల్లో ఒక శాఖైన లుబావిచ్ గురువులు చదరంగం బల్ల ముందు కూర్చున్న ఫొటో కూడా ఉంది. బయట తిరిగితే ప్రమాదమన్నది ఒక కారణం. ఆ రాత్రి మన చదువు పుణ్యం యేసు ఖాతాలో పడకూడదన్నది వాళ్ళు చెప్పుకునే ఇంకో కారణం. కొందరు డిసెంబర్ 24న పాటిస్తారు, రష్యా వైపు మూలాలున్నవాళ్ళలో కొందరు జనవరి 6న.

హసిదీలు ఎక్కువగా ఉండే న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఇప్పుడు క్రిస్మస్ రాత్రి గుంపులు వచ్చి కొట్టవు. అయినా చదరంగం బల్ల తీస్తూనే ఉన్నారు.

మిరపకాయ్ | 11 డిసెంబర్, రాత్రి 8:31

ఇంత బాధ పడ్డవాళ్ళే క్రిస్మస్ పాటలు రాశారంటారే? వాట్సాప్‌లో చూశా. నిజమా, మామూలు వాట్సాప్ యూనివర్సిటీయేనా?

చరిత్ర_చాదస్తం | 11 డిసెంబర్, రాత్రి 9:10

ఈసారి వాట్సాప్ గెలిచింది. 'వైట్ క్రిస్మస్' రాసిన ఇర్వింగ్ బెర్లిన్ 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టిన యూదుడు. తండ్రి సినగాగ్‌లో ప్రార్థనలు పాడే వ్యక్తి. అయిదేళ్ళ వయసులో న్యూయార్క్ వచ్చాడు. గాయకుడు బింగ్ క్రాస్బీ ఆ పాటని మొదట రేడియోలో పాడింది 1941 క్రిస్మస్ నాడు. ఆ తరవాత ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన సింగిల్‌గా గిన్నిస్‌కెక్కింది. పాటలో దేవుడి మాట ఉండదు, పుట్టిన బిడ్డ మాట ఉండదు. మంచు, ఇల్లు, పాత జ్ఞాపకాలు, అంతే. అందుకే ఏ మతం వాడైనా పాడుకోగలిగాడని నా అభిప్రాయం. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. బెర్లిన్ కొడుకు పసిగుడ్డుగా ఉన్నప్పుడే 1928లో సరిగ్గా క్రిస్మస్ రోజునే చనిపోయాడు.

శాంటా బండి లాగే ఎర్ర ముక్కు దుప్పి రుడాల్ఫ్ కూడా యూదుల సృష్టే. 1939లో ఒక పెద్ద డిపార్ట్‌మెంటల్ స్టోరు పిల్లలకి ఉచితంగా పంచడానికి రాబర్ట్ మే రాసిన కథ అది. 1949లో ఆయన బావమరిది వరసైన జానీ మార్క్స్ పాటగా కట్టాడు. ఇద్దరూ యూదులే.

కోల్‌కతా_తెలుగోడు | 12 డిసెంబర్, ఉదయం 10:20

పాటలు సరే, కేకు సంగతి నేను చెప్తా. కోల్‌కతా న్యూ మార్కెట్లో నహూమ్స్ అని బేకరీ ఉంది. బాగ్దాదీ యూదు కుటుంబం 1902లో మొదలుపెట్టింది. ఈ నెల మూడో వారం నుంచీ అక్కడ ప్లమ్ కేకు కోసం జనం వరస కడతారు. లైను మార్కెట్ సందుల్లో మలుపులు తిరుగుతుంది. పాతకాలపు టేకు బీరువాలు, గాజు పలకలు, ఫ్యాన్లు, కౌంటర్ వెనక చెక్క గల్లాపెట్టె. యూదుల షాపు, పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు, లైన్లో నిలబడేది హిందూ బెంగాలీలు, కేకేమో క్రిస్మస్‌ది. ఊళ్ళో ఇప్పుడు యూదులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు, బేకరీ మాత్రం నడుస్తోంది. రమ్ లేని ఫ్రూట్ కేకు కూడా బాగుంటుంది, కానీ తొందరగా వెళ్ళాలి.

ఎడిసన్_పిన్ని | 12 డిసెంబర్, ఉదయం 10:55

నోరూరించేశారు. ఇంతకీ మా ఇంట్లో గొడవ కూడా చెప్పాలి. మా అమ్మాయి మూడో తరగతి. క్రిస్మస్ చెట్టు కావాలని ఒకటే గోల. మా ఆయనేమో 'మనకెందుకు' అంటారు. యూదుల పిల్లలు ఊరుకుంటారా? వాళ్ళేం చేస్తారు?

బోస్టన్_కోడలు | 12 డిసెంబర్, రాత్రి 10:30

పిన్నిగారూ, యూదుల ఇళ్ళలో ఇది తరాల నాటి తగువు. నీలం, వెండి రంగు అలంకారాలతో చెట్టు పెట్టి దానికి 'హనుక్కా బుష్' అని పేరు పెట్టుకునేవాళ్ళున్నారు. ఆ మాట వింటే మా మామగారు లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతారు. 2013లో ప్యూ సంస్థ సర్వే చేస్తే అమెరికా యూదుల్లో 32 శాతం మంది ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు ఉందని తేలింది. భార్యో భర్తో యూదులు కాని ఇళ్ళలో అది 71 శాతం. మా ఆడపడుచు ఇల్లు ఆ 71లోదే. వాళ్ళాయన కాథలిక్. హాల్లో చెట్టు, కిటికీలో మెనోరా, అంటే హనుక్కా దీపాల స్తంభం. మా అత్తగారు చెట్టు గురించి ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ వెళ్ళిన ప్రతిసారీ మెనోరాని ఇంకొంచెం ముందుకి జరిపి వస్తారు.

మా ఇంట్లో చెట్టు లేదు. చెట్టు లేని లోటు పిల్లలకి తెలీకుండా చేసేది ఆ ఎనిమిది సాయంత్రాలే. మెనోరాకి తొమ్మిది కొమ్మలు. తొమ్మిదోది 'షమాష్', మిగతావాటిని వెలిగించే దీపం. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెంచుకుంటూ పోతాం. కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకి గుచ్చాలి, వెలిగించడం మాత్రం ఎడమ నుంచి, అంటే ఆ రోజు కొత్తగా చేరినదాన్ని ముందు. షమాష్‌తో కలిపి మొత్తం 44 కావాలి, డబ్బాలో సరిగ్గా 44 ఉంటాయి. మా వాడు ఏటా ఒకటి విరగ్గొడతాడు కాబట్టి నేను రెండు డబ్బాలు కొంటాను. కింద అల్యూమినియం ఫాయిల్ వేయకపోతే మైనం కిటికీ గట్టుకి అంటుకుని ఎండాకాలం దాకా వదలదు. బయట నడిచేవాళ్ళకి కనపడాలి కాబట్టి కిటికీలోనే పెట్టాలి. ఆ వెలుగులో చదువుకోవడం, పని చేసుకోవడం కూడదు. ఊరికే చూడాలి. వెలిగినంతసేపూ, కనీసం అరగంట, మా ఇంట్లో ఫోన్లు కూడా పక్కన పెట్టేస్తాం.

నూనె కథ పండగ కదా, కాబట్టి నూనె వంటలే. లాట్కేలు, అంటే బంగాళాదుంప అట్లు, మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. బంగాళాదుంప, ఉల్లిపాయ కోరి, బట్టలో వేసి నీళ్ళు కారేదాకా పిండాలి. ఆ నీళ్ళు పారబోయకూడదు. కాసేపుంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన నీళ్ళు ఒంచేసి ఆ పిండిని మళ్ళీ తురుములో కలపాలి. అప్పుడే అంచులు కరకరలాడతాయి. నేను రహస్యంగా పచ్చిమిర్చి వేస్తాను. మామగారు ఇప్పుడు అవి లేకుండా తినరు.

పంచాంగం_పంతులు | 13 డిసెంబర్, ఉదయం 7:00

పచ్చిమిర్చితో పాటు కొంచెం అల్లం కూడా, అమ్మా.

చరిత్ర_చాదస్తం | 13 డిసెంబర్, రాత్రి 9:45

చెట్టు గొడవ యూరప్‌లో ఇంకా పాతది. 1895 డిసెంబర్ 24న వియన్నాలో థియోడోర్ హెర్జెల్ ఇంటికి ఆ నగర ప్రధాన రబ్బీ వచ్చాడు. హెర్జెల్ అంటే యూదులకి సొంత దేశం కావాలని ఉద్యమం నడిపినాయన. రబ్బీ గడప దాటేసరికి హెర్జెల్ తన పిల్లల కోసం క్రిస్మస్ చెట్టుకి దీపాలు వెలిగిస్తున్నాడు! రబ్బీ మొహం మాడిందని హెర్జెలే డైరీలో రాసుకున్నాడు. జర్మనీ, ఆస్ట్రియాల్లో చదువుకున్న యూదు కుటుంబాలకి చెట్టు మతం గుర్తు కాదు, మేమూ ఈ దేశస్థులమే అని చెప్పుకునే గుర్తు. ఆ తరవాత నలభై యాభై ఏళ్ళలో ఆ దేశాలు వాళ్ళకి చేసింది తెలిసిందే కదా. చెట్టు పెట్టినవాళ్ళనీ, పెట్టనివాళ్ళనీ మరణశిబిరాలకి ఒకే రైలెక్కించారు.

మిరపకాయ్ | 13 డిసెంబర్, రాత్రి 10:12

ఇదంతా చదివాక కూడా నా మాట నాదే. మాల్‌లో, ఎయిర్‌పోర్టులో అందరివీ పెట్టొచ్చుగా. చెట్టూ, మెనోరా, దీపావళి ప్రమిద. ఎవరొద్దన్నారు?

సియాటిల్_శీను | 14 డిసెంబర్, ఉదయం 11:30

ఎయిర్‌పోర్టు అన్నారు కాబట్టి చెప్తున్నా. 2006లో మా సీటాక్‌లో ఇదే రచ్చ అయింది. చెట్ల పక్కన మెనోరా కూడా పెట్టండని ఒక రబ్బీ అడిగారు, కోర్టుకి వెళ్తామని లాయరు అన్నాడు. ఎయిర్‌పోర్టు వాళ్ళు బెంబేలెత్తి రాత్రికి రాత్రి చెట్లన్నీ పీకేశారు. 'నేను తీసేయమన్నానా, ఇంకోటి కలపమన్నాను' అని ఆయన మొత్తుకున్నా, జనం తిట్లు మాత్రం యూదులకే. కొన్ని రోజులకి చెట్లు మళ్ళీ వచ్చాయి. మిరపకాయ్ గారూ, అందరివీ పెట్టమని అడిగితే ఇలా కూడా అవుతుంది.

చరిత్ర_చాదస్తం | 14 డిసెంబర్, రాత్రి 8:00

సుప్రీంకోర్టు కూడా దీని మీద 1989లో తల పట్టుకుంది. పిట్స్‌బర్గ్‌లో కౌంటీ కోర్టు భవనం లోపల మెట్ల దగ్గర బాలయేసు బొమ్మలు, మరో ప్రభుత్వ భవనం బయట 45 అడుగుల చెట్టు, పక్కన 18 అడుగుల మెనోరా. బాలయేసు బొమ్మలు ఒక్కటే ఉన్నాయి కాబట్టి మతప్రచారం, చెల్లదన్నారు. మెనోరా చెట్టు పక్కన ఉంది కాబట్టి అది శీతకాలపు పండగల అలంకారం, ఫరవాలేదన్నారు. ఈ తీర్పు మీద చాలామంది యూదులే పెదవి విరిచారు. మా దీపాన్ని చెట్టుకి తోడుపెళ్ళికొడుకుని చేశారని కొందరు. అసలు ప్రభుత్వ స్థలంలో ఏ మతం గుర్తూ వద్దని ఇంకొందరు. వీధి మధ్యలో పెద్ద మెనోరాలు పెట్టే పద్ధతి 1974లో ఫిలడెల్ఫియాలో లుబావిచ్ వాళ్ళు మొదలుపెట్టింది. 1979లో ప్రెసిడెంట్ కార్టర్ వైట్‌హౌస్ ఎదుట పార్కులో స్వయంగా వెలిగించాడు.

కానీ నాకు అన్నిటికంటే నచ్చేది మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్ కథ. 1993 డిసెంబర్‌లో ఒక యూదుల ఇంట్లో పిల్లాడి గది కిటికీలో మెనోరా ఉందని ఎవరో రాయి విసిరి అద్దం పగలగొట్టారు. ఊళ్ళో యూదు కుటుంబాలు చాలా తక్కువ. అక్కడి దినపత్రిక పేజీ నిండా మెనోరా బొమ్మ అచ్చేసి, కిటికీలో అంటించుకోండని రాసింది. వేల క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు పక్కన ఆ కాగితం వెలిసింది. కొన్ని ఇళ్ళ మీదా, చర్చిల మీదా కూడా రాళ్ళు పడ్డాయి. కాగితాలు ఇంకా పెరిగాయి.

గుంటూరు_పాస్టర్‌గారబ్బాయి | 15 డిసెంబర్, మధ్యాహ్నం 2:40

ఇది వచ్చే ఆదివారం చర్చిలో చెప్తాను.

మన గుంటూరు జిల్లాలోనే యూదులున్నారని ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. 'బెనె ఎఫ్రాయిం' అంటారు. ఇశ్రాయేలులో తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి తామని నమ్ముతారు. మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు మాలాగే బాప్టిస్టులు. 1990ల మొదట్లో సొంత సమాజమందిరం కట్టుకున్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం అధికారికంగా గుర్తించలేదు. చుట్టాలు పక్కాలు చాలామంది క్రైస్తవులే కాబట్టి, డిసెంబరొస్తే ఒకే వీధిలో చుట్టాల ఇంటి మీద స్టార్, వీళ్ళింట్లో మెనోరా. అమెరికా యూదుల చిక్కులన్నీ వీళ్ళకీ ఉంటాయి, తెలుగులో.

మోడరేటర్ | 15 డిసెంబర్, రాత్రి 9:00

కొత్తరెడ్డిపాలెం మీద ప్రశ్నలు వరసగా వస్తున్నాయి కాబట్టి దానికి వేరే చర్చ తెరిచాను. ఇజ్రాయెల్, గాజా యుద్ధం మీద వాదనలు ఇక్కడ వద్దు. రెండు పోస్టులు తీసేశాను.

ఎడిసన్_పిన్ని | 16 డిసెంబర్, రాత్రి 8:25

అందరికీ ధన్యవాదాలు. గిఫ్టు సంగతి ఎవరూ తేల్చలేదు!

బోస్టన్_కోడలు | 16 డిసెంబర్, రాత్రి 9:50

శుక్రవారం సాయంత్రం పని ఆపేస్తారన్నారు, అంటే యూదుల విశ్రాంతి దినం పాటిస్తారు కాబట్టి కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే మనిషే అయ్యుంటారు. ఇంట్లో చేసిన స్వీట్లు వద్దండీ, ఎంత ప్రేమగా చేసినా తినలేక ఇబ్బంది పడతారు. వైన్ అసలొద్దు, అది కోషర్ అయ్యి తీరాలి. ప్యాకెట్ మీద కోషర్ గుర్తు, అంటే సున్నాలో యూ అక్షరం ఉన్న చాక్లెట్లు, బాదం, ఖర్జూరం ఏవైనా ఫరవాలేదు. కోయని పళ్ళకి ఏ గుర్తూ అక్కర్లేదు. ఎర్ర ఆకుపచ్చ కాగితంలో మాత్రం చుట్టకండి.

తణుకు_తమ్ముడు | 17 డిసెంబర్, ఉదయం 6:15

చిన్న డౌటు. అమ్మానాన్నలని యెరూషలేము, బెత్లెహేము యాత్రకి పంపాలని ఉంది. వచ్చే ఏడు డిసెంబర్ 25కే తీసుకెళ్తే ఊరంతా పండగలా ఉంటుందా?

నిజామాబాద్_టు_హైఫా | 17 డిసెంబర్, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, నేను ఇక్కడ ముసలమ్మని చూసుకునే కేర్‌గివర్ పని చేస్తా. ఇజ్రాయెల్‌లో డిసెంబర్ 25 మామూలు పనిరోజు. బస్సులు నడుస్తయి, బడులుంటయి, బ్యాంకులుంటయి. మాకు మాత్రం చట్టం ప్రకారం ఎవరి మతం పండగలకి వాళ్ళు సెలవు తీసుకోవచ్చు. నేను చూసుకునే అమ్మ యూదురాలే, కానీ రష్యా నుంచి వచ్చింది. వాళ్ళింట్ల చెట్టు ఉంటది! అయితే అది క్రిస్మస్‌కి కాదు, న్యూ ఇయర్‌కి. సోవియట్ కాలంల మతం పండగలు బంద్ పెట్టి చెట్టుని కొత్త సంవత్సరానికి మార్చిండ్రట. ఇక్కడి ఆచారవంతులకి అది నచ్చదు, మెట్ల దగ్గర ఎదురైన పక్కింటాయన మొహం తిప్పుకుంటడు. అమ్మ ఏం పట్టించుకోదు, ఒకవైపు హనుక్కా దీపం, ఒకవైపు చెట్టు.

పండగ కళ చూడాలంటే నజరేతు, బెత్లెహేము, మా హైఫాల అరబ్బు క్రైస్తవులుండే వాడీ నిస్నాస్ వీధులు. మామూలు రోజుల్లో అయితే అక్కడ మూడు మతాల పండగలు కలిపి ఉత్సవం చేస్తరు. గాజా యుద్ధం వల్ల 2023ల బెత్లెహేముల చౌరస్తాల చెట్టు పెట్టలే, 2024ల కూడా లేదు. ప్రార్థనలు మాత్రం జరుగుతయి. వచ్చే ఏడు ఎట్లుంటదో చూసుకుని టికెట్లు కొనుక్కో.

తేదీ గురించి ఫికర్ వద్దు. బెత్లెహేముల క్రిస్మస్ మూడు సార్లు వస్తది. డిసెంబర్ 25 కాథలిక్కులకి, జనవరి 7 ఆర్థడాక్స్ వాళ్ళకి, జనవరి 19 అర్మేనియన్లకి. జనవరిల పోతే రద్దీ తక్కువ. బెత్లెహేము నుంచి తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టు ఉంటది, పాస్‌పోర్టులు రూముల పెట్టి పోవద్దు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల బస్సులు చాలావరకు నడవవు, ఆ రోజు ప్రయాణం పెట్టుకోవద్దు. అమ్మానాన్నలకి స్వెట్టర్లు, గొడుగు తప్పకుండా పెట్టు. యెరూషలేముల ఆ నెలల్ల చలే కాదు, వాన కూడా పడతది.